ఎండకు చెడని ఎంజైము

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ సర్వీసులో ఒక మంచి కేసు చెప్పండి మేడం" అని అడుగుతారు. ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన దాన్ని, మంచి కేసులు లేకేం! ఎవరికీ అంతుపట్టని జ్వరాన్ని మైక్రోస్కోపు కింద పట్టుకున్న రోజులున్నాయి. కానీ నేను వాళ్లకు ఈ కేసే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నాకు బీపీ పెరుగుతుంది, మా ఆయన లోపలి నుంచి "మళ్లీ మొదలుపెట్టినవా?" అని అరుస్తాడు. అయినా చెబుతాను.

ఎవరి పేరూ రాయడం లేదు. పేరు రాస్తే చదివినవాళ్లు ఆ ఒక్క మనిషిని తిట్టుకుని పుస్తకం మూసేస్తారు. నా కోపం ఒక్క మనిషి మీద తీరేది కాదు. అందులో నా వాటా కూడా ఉంది.

కరోనా రెండో విడత. మే నెల. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపుల నుంచి మా ల్యాబుకు అట్టపెట్టెల్లో, థర్మోకోల్ డబ్బాల్లో శాంపిళ్లు వచ్చి పడేవి. ఒక వ్యాను ఖాళీ అయ్యేలోపు ఇంకో వ్యాను గేటు దగ్గర హారన్ కొట్టేది. మా ల్యాబు పెద్ద మైక్రోబయాలజీ డాక్టరు గారు. జనగామ దగ్గరి మనిషి, మెత్తన, మాట తక్కువ. పై నుంచి ఫోన్ వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవారు. నాతోపాటు మెషీన్ మీద పనిచేసే అమ్మాయి కురవి దగ్గరి పిల్ల, కాంట్రాక్టు మీద కొత్తగా చేరింది. ఏ పెట్టె వచ్చినా లోపలి కాగితం తీసి చివరి అక్షరం దాకా చదివేది. "పరీక్షకు చదువుతున్నవా?" అని ఆటపట్టించేదాన్ని.

ఆ పరీక్ష ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. ముక్కులోంచి తీసిన నమూనాలో వైరస్ పిసరంత ఉంటుంది. దాని జన్యుపదార్థాన్ని కోట్లకొద్దీ నకళ్లు తీస్తే తప్ప యంత్రానికి కనపడదు. ఆ నకళ్లు తీసే పని ఒక ఎంజైముది. అయితే ప్రతి విడత నకలుకూ ట్యూబును దాదాపు మరిగే నీళ్లంత వేడి చేసి, మళ్లీ చల్లార్చాలి. మామూలు జీవుల ఎంజైము ఆ వేడికి ఉడికిన గుడ్డులాగా అయిపోతుంది. అందుకని వేడినీటి ఊటల్లో బతికే ఒక బ్యాక్టీరియా ఎంజైమును తెచ్చి వాడతారు.

ఆ బ్యాక్టీరియాకు అంత గట్టి ఎంజైము ఎవరో ఇచ్చింది కాదు. ఆ సలసల కాగే నీళ్లలో ఏ కణం ఎంజైము వేడికి విడిపోయిందో దానికి సంతతి లేకుండా పోయింది. కాస్త బిగువుగా ముడుచుకున్న ఎంజైము ఉన్నది పిల్లల్ని కన్నది. ఆ పిల్లల్లో ఇంకాస్త బిగువైనవి మిగిలాయి. లెక్కకందని తరాలు అలా జల్లెడ పట్టగా పట్టగా, పొయ్యి మీది ఎసట్లో కూడా డీఎన్‌ఏ నకలు రాసుకుంటూ కూర్చునే ఎంజైము తయారైంది. పరిణామం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను కోతి బొమ్మ చూపించను, ఈ ఎంజైము సంగతి చెబుతాను.

చెప్పడం నాకు ఎంత ఇష్టమంటే, కొత్త టెక్నీషియన్లకు శిక్షణ పెట్టిన ప్రతిసారీ ఆ గంట నేనే అడిగి తీసుకునేదాన్ని. చివర్లో ఒక డైలాగు కూడా పెట్టుకున్నాను. "మన మే నెల ఎండ దానికి చలికాలం లెక్క. భూపాలపల్లి బొగ్గుబాయి దగ్గర రోడ్డు మీద పెట్టినా దానికి స్వెట్టర్ కావాలె!" పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. ఆ నెలకు ముందు జరిగిన శిక్షణలో, మా ల్యాబుల మీద పర్యవేక్షణకు వేసిన అధికారి వెనక వరసలో కూర్చున్నాడు. ఆయన కూడా నవ్వాడు. చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ రాసుకోవడం చూసి నేను పొంగిపోయాను. ఎంత మూర్ఖురాలినో!

కిట్లు పెట్టే పెద్ద ఫ్రీజర్ స్టోరు గదిలో ఉండేది. ఒక శుక్రవారం సాయంత్రం గాలిదుమారం వచ్చి కరెంటు కొట్టుకుంది. స్టెబిలైజర్ కాలిపోయి ఫ్రీజర్ ఆగిపోయింది. స్టోరు చూసే ఆయనకే కరోనా వచ్చి ఇంట్లో పడుకున్నాడు, తాళం ఆయన దగ్గరే ఉండిపోయింది. శని, ఆదివారాలు ల్యాబులోని చిన్న ఫ్రిజ్‌లో ఉన్న కిట్లతో నడిపించాం. సోమవారం పొద్దున తాళం తెప్పించి తలుపు తీస్తే లోపలి గాలి ముఖానికి కొట్టింది.

"అక్కా, జర ఇటు రాండి" అని పిలిచింది మా కురవి అమ్మాయి. "గీ పెట్టెలు ముట్టుకోని చూడుండ్రి."

ముట్టుకున్నాను. బాలింతకు పోసే నీళ్లంత వెచ్చగా ఉన్నాయి. మైనస్ ఇరవైలో ఉండాల్సినవి. గదిలో థర్మామీటరు నలభై ఒకటి చూపిస్తోంది. రిజిస్టరులో ఆ అంకె రాసి, టైము వేసి, సంతకం పెట్టాను. కిట్లు పక్కన పెట్టేసి కొత్తవి తెప్పించాలని డాక్టరు గారితో అన్నాను. ఆయన నిలబడి పైకి ఫోన్ చేశారు. అవతల అధికారి స్పీకర్‌లోంచి నాకూ వినపడ్డాడు.

"కొత్త కిట్లు రావడానికి వారం రోజులు పడుతుంది. ఈలోపు శాంపిళ్లన్నీ కుప్ప పోస్తారా? ఆ ఎంజైము ఎక్కడిదండీ? మరిగే నీళ్లలో బతికే బ్యాక్టీరియాది. మీ టెక్నీషియన్ మేడమే కదా క్లాసులో చెప్పారు, మన ఎండకు దానికి స్వెట్టర్ కావాలని! వాడండి. కంట్రోల్ పాసైతే ఇంకేం కావాలి?"

డాక్టరు గారు నా వైపు చూశారు. నా డైలాగు నా మీదికే వచ్చింది. అయినా నోరు తెరిచాను.

"సార్, ఆ పెట్టెల గా ఎంజైమొక్కటే లేదు. ఇంకా వేరే సామాను ఉంటది. కంపెనీ వాళ్లు ఐసులో పెట్టమన్నది ఏందికో..."

"ఏందికో కాదమ్మా, ఎందుకో" అన్నాడాయన. ఫోన్‌లో ఆయన పక్కనెవరో నవ్వారు. "కంట్రోల్ పెట్టి చూడండి. పాసైతే నడిపించండి."

ప్రతి విడతలో మన దగ్గరి శాంపిళ్లతోపాటు కంపెనీ ఇచ్చిన ఒక ట్యూబు పెడతాం. అది కచ్చితంగా పాజిటివ్ రావాలి. దాన్నే కంట్రోల్ అంటాం. వస్తే కిట్ బాగున్నట్టు లెక్క. పెట్టాం. తెర మీద గీత నిటారుగా లేచింది. నా మనసులో ఉన్న అనుమానం ఆ గీతను చూసి సిగ్గుపడి కూర్చుంది. సోమ, మంగళ, బుధ, మూడు రోజులు ఆ కిట్లతోనే రిపోర్టులు ఇచ్చాం.

మంగళవారం నుంచే పాజిటివ్‌లు బాగా తగ్గాయి. బుధవారం ఇంకా తగ్గాయి. వీడియో మీటింగులో ఆ అధికారిని పై అధికారులు మెచ్చుకున్నారు, కట్టడి బాగా చేస్తున్నారని. ఆయన ఉదారంగా మా ల్యాబు పేరు కూడా చెప్పాడు. మేం కూడా సంతోషపడ్డాం. దాన్ని దాచను. నెలరోజులుగా నిద్రలేని వాళ్లం, తగ్గుతోందంటే ఎవరు కాదంటారు?

బుధవారం నాలుగింటికి నా ఫోన్ మోగింది. పెద్దవంగర పక్క ఊరి సబ్‌సెంటర్ ఏఎన్ఎం. శాంపిళ్లు తీసి పంపేది ఆమే.

"అక్కా, ఒక్క ఇంట్ల ఐదుగురు. ఐదుగురికీ జరం. ఒక్కలకు గూడ వాసన తెలుస్తలేదు. చింతపండు నోట్ల వెట్టుకుంటె పులుపు ఎరుకైతలేదంటున్నరు. అందరికీ నెగిటివ్ పంపిండ్రు మీరు. గిదెట్లక్కా?"

నేను అన్న మొదటి మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. "పుల్ల లోపటిదాక పెట్టి మంచిగ తిప్పినవా?"

ఆమె గొంతు మారింది. "ఏడాది సంది తిప్పుతున్నక్కా. పోయిన వారం దాక నా చెయ్యి మంచిగనే ఉండె. ఈ వారమే పాడైందా?"

ఫోన్ పెట్టేశాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆమె చెయ్యి మారలేదు. మరి ఈ వారం మారింది ఏమిటి?

గురువారం పొద్దున వచ్చీ రాగానే, ముందు వారం పాజిటివ్ వచ్చిన నాలుగు ట్యూబులు తీశాను. అవి వేరే గదిలో, చెడిపోని డీప్ ఫ్రీజర్‌లో ఉన్నాయి. చిన్న ఫ్రిజ్ అడుగున వెతికితే మంచి కిట్ ఒకటి దొరికింది. అందులో ఇంకో ఐదారు పరీక్షలకు సరిపడా ఉంది. అవే నాలుగు శాంపిళ్లను మంచి కిట్‌తో ఒక వరస, ఎండ తిన్న కిట్‌తో ఒక వరస పెట్టాం. యంత్రం ముందు నేనూ మా అమ్మాయీ కూర్చున్నాం. మంచి కిట్ వరసలో నాలుగు గీతలూ లేచాయి. రెండో వరసలో ఒకే ఒక్క గీత, అది కూడా చివర్లో, ముసలివాళ్లు మెట్లెక్కినట్టు లేచింది. మిగతా మూడూ నేలకు అతుక్కునే ఉన్నాయి.

"మరి కంట్రోల్ అక్కా? అది మంచిగనే లేచింది గదా!" అంది మా అమ్మాయి.

అవును, కంట్రోల్ ఎప్పటిలాగే నిటారుగా లేచింది. అదే నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయి లేచి వెళ్లి పెట్టెలోని కాగితం తెచ్చింది. వేలు పెట్టి చదువుతూ ఒక వరస దగ్గర ఆగింది.

"అక్కా... గీ కంట్రోల్ ఆర్‌ఎన్‌ఏ కాదక్కా. డీఎన్‌ఏ."

కాగితం ఆమె చేతిలోంచి తీసుకుని ఆ వరస నేనూ చదివాను.

కరోనా వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. వేడినీటి బ్యాక్టీరియా ఎంజైము ప్రధానంగా డీఎన్‌ఏకే నకలు తీస్తుంది. కాబట్టి ముందు ఆ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి దాని చేతికివ్వాలి. ఆ పని చేసే ఇంకో ఎంజైము కూడా అదే పెట్టెలో ఉంటుంది. అది వేడినీటి ఊటల నుంచి రాలేదు, ఎలుకల్లో పెరిగే ఒక వైరస్ నుంచి తీసినది. ఎలుక ఒంట్లో ఉండే వేడి ఎంతో అంత వేడికి అలవాటు పడిన వంశం దానిది. దాని పూర్వీకులు ఎన్నడూ కాగే నీళ్లు చూడలేదు, తట్టుకోవాల్సిన అవసరమూ రాలేదు. మూడు రోజులు మూసిన గదిలో ఉడికి, దాని బలం చాలావరకు పోయింది. గట్టి ఎంజైము మాత్రం అలాగే ఉంది. కంట్రోల్ ట్యూబులో ఉన్నది డీఎన్‌ఏ కనక, గట్టి ఎంజైము దాన్ని హాయిగా పాస్ చేసింది. అంటే మేం మూడు రోజులుగా చెడిపోని దాన్ని పరీక్షించి, చెడిపోయిన దానికి మంచిదని సంతకం పెట్టాం. ఒంట్లో వైరస్ బాగా ఎక్కువున్నవాళ్లు పట్టుబడ్డారు. తక్కినవాళ్లు నెగిటివ్ కాగితం పట్టుకుని ఇళ్లకు వెళ్లారు.

నేను క్లాసులో రెండో ఎంజైము ఊసెత్తేదాన్నే కాదు. దానికి చెప్పుకోడానికి గొప్ప కథ లేదని.

ఆ మధ్యాహ్నమే అధికారి ల్యాబుకు వచ్చాడు, అంకెలు తగ్గినందుకు మమ్మల్ని అభినందించడానికి. నేను రెండు వరసల గీతలూ ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను. చూశాడు. చదువుకున్నవాడే, అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఆయన అన్న మాట ఇది:

"పల్లెల్లో ముక్కులో పుల్ల పెట్టడం ఎవరికి వచ్చు? అక్కడే పోతోంది సగం. వాళ్లందరికీ మెమోలు ఇప్పిస్తాను."

"సార్, గీ నాలుగు ట్యూబులు వాళ్లు తీసినవే" అన్నాను. "పోయిన వారం ఇవే పాజిటివ్. ఇయ్యాల మన మంచి కిట్‌ల గూడ పాజిటివే. పుల్ల తప్పు ఎట్లయితది?"

"రిపోర్టులు జనం చేతికి వెళ్లిపోయాయి మేడం. ఇప్పుడు తప్పంటే రేపటి నుంచి ల్యాబును ఎవరైనా నమ్ముతారా?"

"ఈ మూడు రోజులు నమ్మకుంటేనే బాగుండు సార్."

నా గొంతు వరండా దాకా వినపడిందట, తర్వాత చెప్పారు. ఆయన ముఖం ఎర్రబడింది. "మీ రిటైర్మెంటు దగ్గర్లో ఉందనుకుంటా" అన్నాడు. ఆ మాటకు నేను బదులు చెప్పేలోపు, అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ డాక్టరు గారు కుర్చీలో కూర్చున్నారు. ఆయన పై అధికారి ముందు కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

"అమ్మా, మూడు రోజుల నెగిటివ్‌లన్నీ వాపస్ తీసుకుంటున్నమని రాయి" అన్నారు నాతో. "నా పేరు మీద రాయి. నేను సంతకం పెడుత."

అధికారి లేచి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ కూడా ఊరుకోలేదు. ఆ సాయంత్రానికల్లా పెద్దవంగర వైపు ఏఎన్ఎం చేతికి మెమో అందింది, నమూనా సేకరణలో అజాగ్రత్త అని. తప్పు పట్టుకున్న మనిషికి తప్పు చేసినట్టు కాగితం! ఆ మెమో తర్వాతైనా వాపసు తీసుకున్నారా అంటే లేదు. నేనూ డాక్టరు గారూ ఎన్ని ఉత్తరాలు రాసినా అది అలాగే ఉంది. ఆమె మాత్రం నవ్వుతుంది. "ఉండనియ్యక్కా, ఫ్రేము కట్టించుకుంట" అంటుంది. ఆమె నవ్విందని నేను నవ్వలేను.

శుక్రవారం కొత్త కిట్లు వచ్చాయి. వారం రోజులు పడుతుందన్నవి, ఉత్తరం వెళ్లిన మరుసటి రోజే వచ్చాయి. దాని గురించి ఇంకేం రాయను. రాస్తే అచ్చు వేయలేని మాటలు వస్తాయి. మూడు రోజుల శాంపిళ్లన్నీ మళ్లీ పరీక్షించాం. పాజిటివ్ వచ్చిన ప్రతి మనిషికీ ఫోన్ చేసి చెప్పాలని నేనే పట్టుబట్టాను. జాబితా సగం నేను, సగం మా అమ్మాయి పంచుకున్నాం. కొందరు తిట్టారు. కొందరు "బతికే ఉన్నం మేడం, ఇగ ఏమైతది" అన్నారు. నెల్లికుదురు వైపు ఒక ఊళ్లో దర్జీ, నలభై ఏళ్లవాడు, సోమవారం నెగిటివ్. ఫోన్ ఆయన భార్య ఎత్తింది.

"ల్యాబు నుంచి మాట్లాడుతున్నమమ్మా. ఆయనకు ఇయ్యరా ఫోను."

"ఆయన లేడు."

"బయటికి పోయిండా?"

"నిన్న పొద్దుగాల పోయిండు మేడం. ప్రాణం పోయింది."

ఆమె ఏడవలేదు. చాలా నెమ్మదిగా చెప్పింది. "మంగళవారం దమ్ము ఆడకపోతే ఆటోల తీసుకపోయిన. మీ కాగితం చూసి కరోనా వార్డుల తీసుకోలే. నెగిటివ్ గదా, గిది మామూలు జరమే, ఇంటికి తీసుకపో అన్నరు. ఇంకో దవాఖానకు పోతే వాళ్లు గూడ గదే మాట. మీరే గదా మేడం నెగిటివ్ అని రాసింది?"

"మేమే రాసినమమ్మా" అన్నాను. అంతకంటే నాకు ఇంకేం చేతనైంది?

తర్వాత విచారణ జరిగింది. నా రిజిస్టరు చూశారు, నలభై ఒకటి అంకె చూశారు, నా సంతకం చూశారు. కిట్లు వాడమన్నది ఫోన్‌లో కనక దానికి కాగితం లేదు. చివరికి విద్యుత్ అంతరాయం వల్ల కలిగిన సాంకేతిక లోపమని తేల్చారు. గాలిదుమారానికి మెమో ఇవ్వలేరు కదా! అధికారి కొద్ది నెలల్లో ఇంకా పెద్ద కుర్చీకి వెళ్లాడు. కురవి అమ్మాయి కాంట్రాక్టు ఆ ఏడాదితో ముగిసింది, పొడిగించలేదు. ఇప్పుడు వేరే చోట చేస్తోంది. పెట్టెలోని కాగితాలు ఇప్పటికీ చదువుతోందట.

రెండు నెలలకు ఒక రోజు దర్జీ భార్య మా ల్యాబుకు వచ్చింది. కొంగున కట్టుకుని రెండు కాగితాలు తెచ్చింది. ఒకటి మొదటి రిపోర్టు, నెగిటివ్. రెండోది మేం తర్వాత పంపిన రిపోర్టు. దాని మీద "సవరించిన ఫలితం: పాజిటివ్" అని మాత్రమే ఉంది. ఎందుకు సవరించారో ఒక్క ముక్క లేదు. అలా రాయొద్దని పై నుంచి ఆదేశం.

"గీ రెండిట్ల ఏది నిజం మేడం?" అని అడిగింది. "నెగిటివ్ అన్నరని నేను అందరినీ ఇంట్లకు రానిచ్చిన. మా అత్తకు అంటుకుంది, మా మరిదికి అంటుకుంది. ఇప్పుడు మా వాళ్లందరు, నేను పాజిటివ్ కాగితం దాచిపెట్టి ఇల్లంత ఆగం జేసిన అంటున్నరు. నాకు చదువు రాదు. మీరు నాతోని వచ్చి చెప్పుండ్రి, లేకుంటే రాసియ్యుండ్రి."

రాసిచ్చే అధికారం నాకు లేదు. ఆమెకు ఆ మాట చెప్పలేదు. రెండో రిపోర్టు తీసుకుని కింద ఖాళీ ఉన్నచోట పెన్నుతో రాశాను: "మొదట ఇచ్చిన నెగిటివ్ రిపోర్టు మా ల్యాబు తప్పు. ఎండకు చెడిపోయిన కిట్‌తో పరీక్ష చేశాం. ఈ కుటుంబానికి నిజం తెలిసింది రోగి చనిపోయిన తర్వాత. ఇందులో ఆయన భార్య తప్పు ఏమీ లేదు." కింద సంతకం చేసి, నా పేరు, హోదా రాసి, ల్యాబు ముద్ర వేశాను. ఆమెకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. చదివాను. చివరి వాక్యం మూడోసారి చదివించుకుని, కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

ఆ కాగితం ఊళ్లో చేతులు మారి, ఫోటో అయి, ఎవరెవరి ఫోన్లలోకో వెళ్లి, చివరికి పై ఆఫీసుకు చేరింది. అధికారిక పత్రం మీద అనధికారికంగా రాసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని నాకు మెమో వచ్చింది. అప్పటికి నా సర్వీసు ఐదు నెలలు మిగిలింది. ఇంట్లో అందరూ, "తప్పయిందని రాసెయ్యి, ఏం పోతది?" అన్నారు. నా సంజాయిషీ రెండు వాక్యాలు.

"ఆ రాత నాదే. అందులో అబద్ధం ఏ మాటో చూపిస్తే, ఆ మాట కొట్టేసి పక్కన సంతకం పెడతాను."

నేను రిటైరై ఇన్నేళ్లయింది. ఏ మాటో ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు.